కోర్టు గుమ్మం ఎంత ఎత్తు?

అంతర్జాతీయ మానవ హక్కులు అనే మాట మా రాయగడ కోర్టు ఆవరణలో ఎవరి నోటా వినపడదు. ఇక్కడ వినపడేవి బెయిలు, భరణం, చెక్ బౌన్సు, పట్టా, హద్దు తగాదా, అంతే. పొద్దున టీ బండి దగ్గర మొదలైతే సాయంత్రం దాకా ఇదే గోల, ఇందులో ఐక్యరాజ్యసమితికి చోటెక్కడిది అనిపిస్తుంది. అయినా ఇవాళ దాని గురించే రాద్దామని కూచున్నా, ఎందుకంటే ఆ పెద్ద పెద్ద ఒడంబడికలు మనలాంటి ఊళ్ళ దాకా ఎలా వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి అన్నది ఇన్నేళ్ళ ప్రాక్టీసులో దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నా, దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

మాది రాయగడలో పాత తెలుగు కుటుంబం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కింద ఉండేది, కాబట్టి మేం ఎక్కణ్ణించో వలస వచ్చినవాళ్ళం కాదు, సరిహద్దు గీతే మా మీంచి వెళ్ళింది. ఇంట్లో తెలుగు, కోర్టులో ఒడియా, పై కోర్టు పిటిషను ఇంగ్లీషు, కొండ మీంచి దిగొచ్చే క్లయింటు మాట్లాడేది కువి, కొంధు ఆదివాసుల భాష. ఈ నాలుగింటి మధ్యే మా బతుకు.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తా. కొత్తగా ప్రజాస్వామ్యంలోకి వచ్చిన దేశాల్లో రాజ్యాంగ కోర్టులు అంతర్జాతీయ హక్కుల్ని లోపలికి తెచ్చుకోవటం చాలా మంచి పని, తప్పకుండా చెయ్యాల్సిన పని. కానీ ఆ పని ఫలించిందా లేదా తేల్చాలంటే తీర్పులో ఎన్ని ఒప్పందాల పేర్లు రాసారో లెక్కపెడితే చాలదు. ఆ కోర్టు గుమ్మం ఎంత ఎత్తులో ఉంది, దాన్ని ఎవరు ఎక్కగలరు, తీర్పు చెప్పాక కోర్టు వాళ్ళ వెంట ఎంత దూరం వెళ్ళింది, ఇది చూడాలి. మిగతాదంతా లా కాలేజీ సెమినార్లకి పనికొచ్చే సరుకు.

ముందు మా చిన్న కోర్టులో రోజూ జరిగేదానితో మొదలెడతా. అప్పు తీర్చలేదని డిక్రీ వచ్చాక డబ్బు రాకపోతే అవతలివాళ్ళు ఈపీ, అంటే డిక్రీ అమలు చేయించమనే అర్జీ, వేస్తారు, అందులో బాకీదారుణ్ణి అరెస్టు చేసి సివిల్ జైల్లో పెట్టమని అడగొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షను, ఆర్డర్ 21 రూల్ 37, ఇది బ్రిటిష్ కాలం నాటి సరంజామా. ఒకసారి గుణుపురం వైపు నుంచి ఒక కూరగాయల వ్యాపారి ఇలాగే వచ్చాడు. కోవిడ్ లో బండి ఆగిపోయింది, వడ్డీ మీద వడ్డీ పడింది, డిక్రీ అయిపోయింది, ఇక అరెస్టు వారెంటు వస్తుందని ఎవరో భయపెట్టారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. ఆవిడ మాటిమాటికీ మెళ్ళో పసుపుతాడు బయటికి తీసి చూపిస్తోంది, సూత్రాలు కూడా కుదువలో ఉన్నాయి, తాడుకి రెండు పసుపు కొమ్ములు కట్టుకుంది. అది కోర్టులో సాక్ష్యం కాదమ్మా అని చెప్పాను గానీ నాకు మనసు మనసులో లేదు. వాయిదా రోజున నేను చేసిందల్లా జాలీ జార్జ్ వర్గీస్ కేసు చూపించటమే. బాకీదారుకి డబ్బుండీ ఎగ్గొడుతున్నాడని మీరు చూపించగలరా అని జడ్జిగారు అవతలి వకీలుని అడిగారు, ఆయన చూపించలేకపోయాడు, అరెస్టు అడిగిన అర్జీ కొట్టేసారు. అప్పు అలాగే ఉంది, కొట్టెయ్యలేదు, కంతులవారీగా కడుతున్నాడు. కానీ మనిషి జైలుకి పోలేదు.

ఆ జాలీ జార్జ్ వర్గీస్ తీర్పు 1980 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసింది. అంతకు ఏడాది ముందే, 1979లో, మన దేశం పౌర రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. దాని 11వ అధికరణం ఏమంటుందంటే, కాంట్రాక్టు ప్రకారం చెల్లించలేకపోయినంత మాత్రాన ఏ మనిషినీ జైల్లో పెట్టకూడదు. పార్లమెంటు చట్టం చేస్తే తప్ప ఆ ఒడంబడిక మన కోర్టుల్లో నేరుగా చెల్లదు, ఆ సంగతి కృష్ణయ్యర్ గారు దాచలేదు. అయితే మన రాజ్యాంగంలో ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణం వెలుగులో, ఈ ఒడంబడిక స్ఫూర్తితో, మన పాత సెక్షన్నే చదవాలన్నారు. ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక ఇవ్వలేనివాడు వేరు, రెండోవాడిని జైల్లో పెట్టడానికి లేదు. చూసారా, న్యూయార్కులో కుదిరిన ఒప్పందం, ఢిల్లీలో ఒక తీర్పు, అక్కణ్ణించి గుణుపురం కూరగాయలాయన దాకా వచ్చేసింది, ఆయనకి ఒడంబడిక పేరు కూడా తెలీదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఇది ఎందుకు పనిచేసిందంటే, రోజూ నడిచే ఈపీలోకే ఆ హక్కు దిగిపోయింది కాబట్టి. ఆయన హైకోర్టుకని కటక్ పోనక్కర్లేదు, ఢిల్లీ పోనక్కర్లేదు.

మన రాజ్యాంగంలో దీనికి దారి రెండు చోట్ల ఉంది. 51వ అధికరణం అంతర్జాతీయ చట్టాన్ని, ఒప్పందాల బాధ్యతల్ని గౌరవించమంటుంది, కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టులో పట్టుబట్టి అమలు చేయించుకోలేం. 253వ అధికరణం ఒప్పందాల అమలు కోసం చట్టం చేసే అధికారం పార్లమెంటుకిచ్చింది. పార్లమెంటు చెయ్యకపోతే ఏంటి? ఈ ప్రశ్నకి జవాబు మొదట గట్టిగా చెప్పినవాళ్ళలో ఒకాయన ఓడిపోయిన పక్షాన ఉన్నాడు. 1976 ఏప్రిల్ లో, ఎమర్జెన్సీలో, జబల్ పూర్ కేసు. అక్రమంగా జైల్లో పెట్టినా హేబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే అర్జీ) కోసం కోర్టుకి రావటానికి లేదని నలుగురు జడ్జీలన్నారు, ఒక్క హెచ్.ఆర్.ఖన్నా కాదన్నారు. మన చట్టానికి రెండు రకాలుగా అర్థం చెప్పే వీలుంటే అంతర్జాతీయ బాధ్యతలకి సరిపోయే అర్థమే తీసుకోవాలని ఆ అసమ్మతి తీర్పులో రాసారు, సార్వజనీన మానవ హక్కుల ప్రకటనని గుర్తుచేసారు. మరుసటి ఏడాది జనవరిలో ఆయన్ని పక్కనపెట్టి జూనియర్ ని ప్రధాన న్యాయమూర్తిని చేసారు, ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు. 2017లో ప్రైవసీ కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఆ మెజారిటీ తీర్పు తప్పని చెప్పేదాకా నలభై ఏళ్ళు పట్టింది. ఇది చదివినప్పుడల్లా నాకు ఒంట్లో వణుకొస్తుంది, ఎందుకంటే ఎమర్జెన్సీ నాటికి మనదీ పాతికేళ్ళ పైచిలుకు ప్రజాస్వామ్యమే, చిన్న వయసే, ఇంకొంచెం ఉంటే ఏమయ్యేదో.

ఇప్పుడు బయటి దేశాలు. ఇందులో నాకు ఎక్కువ ఇష్టమైంది దక్షిణాఫ్రికా, దాని గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఓపిక పట్టండి.

వర్ణవివక్ష పోయి 1994లో ఎన్నికలయ్యాయి, 1995లో రాజ్యాంగ కోర్టు మొదలైంది. దాని మొదటి పెద్ద తీర్పుల్లో ఒకటి 1995 జూన్ లో వచ్చిన మక్వాన్యానే కేసు, మరణశిక్ష చెల్లదని పదకొండు మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు. దాన్ని తీరిగ్గా చదివితే వాళ్ళ బల్ల మీద ఎన్ని దేశాల పుస్తకాలు పరిచి పెట్టుకున్నారో అర్థమవుతుంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ నిర్ణయాలు, యూరోపియన్ కోర్టు తీర్పులు, అయిదేళ్ళ ముందు, 1990 అక్టోబర్ లో, హంగరీ రాజ్యాంగ కోర్టు మరణశిక్షని కొట్టేస్తూ ఇచ్చిన తీర్పు, మన బచన్ సింగ్ తీర్పు కూడా. మన సుప్రీంకోర్టు 1980లో మరణశిక్ష చెల్లుతుందంది, వాళ్ళు దాన్ని శ్రద్ధగా చదివి, మా రాజ్యాంగం వేరు కాబట్టి దాన్ని అనుసరించం అన్నారు. జనంలో ఎక్కువమంది ఉరి కావాలంటున్నారు కదా అన్న వాదన వస్తే, కోర్టు అధ్యక్షుడు ఆర్థర్ చాస్కల్సన్ చెప్పింది ఏంటంటే, అలా జనాభిప్రాయాన్ని బట్టే తేల్చేటట్టయితే ఇక రాజ్యాంగమూ కోర్టూ ఎందుకు, తమని తాము కాపాడుకోలేని వాళ్ళ కోసమే కదా ఇవి. 1996 రాజ్యాంగంలో 39వ సెక్షను ఇంకా తేటగా రాసుకున్నారు, హక్కుల అధ్యాయాన్ని వివరించేటప్పుడు కోర్టు అంతర్జాతీయ చట్టాన్ని చూసి తీరాలి, పరాయి దేశాల చట్టాన్ని కావాలంటే చూడొచ్చు. ఒకటి విధి, ఒకటి ఇష్టం. ఆ కోర్టు ఇప్పుడు ఉన్నది జోహానెస్ బర్గ్ లో పాత జైలు కోట స్థలంలో, గాంధీనీ మండేలానీ బంధించిన చోటు. పాత జైలు ఇటుకలతోనే కోర్టు హాలు గోడ కట్టుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. అదే కోర్టులో తర్వాత వచ్చిన రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి, నా వాదనంతా అక్కడే ఉంది. 2000 అక్టోబర్ లో గ్రూట్ బూమ్ కేసు. కేప్ టౌన్ దగ్గర వాలస్ డీన్ లో ఇళ్ళు కూల్చేస్తే క్రీడా మైదానంలో ప్లాస్టిక్ కవర్ల కింద తలదాచుకున్న 390 మంది పెద్దలు, 510 మంది పిల్లలు. ఆర్థిక సామాజిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని దక్షిణాఫ్రికా అప్పటికి సంతకం చేసిందే గానీ ధ్రువీకరించలేదు, 2015 దాకా ధ్రువీకరించలేదు కూడా, అయినా కోర్టు దాన్ని ముందు పెట్టుకుని చర్చించింది, అత్యవసరంలో ఉన్నవాళ్ళకి ఏ ఏర్పాటూ లేని గృహ పథకం సహేతుకం కాదని తేల్చింది. ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చెప్పుకునే తీర్పు. కానీ ఎవరి పేరు మీద ఆ కేసు నడిచిందో ఆ ఐరీన్ గ్రూట్ బూమ్ 2008లో చనిపోయింది, అప్పటికీ సరైన ఇల్లు లేకుండానే, రేకుల గుడిసెలోనే.

రెండోది 2002 జూలైలో. గర్భిణి నుంచి బిడ్డకి హెచ్ఐవీ సోకకుండా ఆపే నెవిరపిన్ మందుని ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండేసి ఆస్పత్రులకే పరిమితం చేసింది, కంపెనీ అయిదేళ్ళు ఉచితంగా ఇస్తానన్నా సరే. అందరికీ ఇవ్వమని కోర్టు ఆదేశించింది. ఇది అమలైంది, లెక్కలేనంత మంది పసిబిడ్డలు బతికారు. అదే కోర్టు, అదే రాజ్యాంగం, తేడా రెండేళ్ళే. మరి ఎందుకు ఇదొక రకం అదొక రకం? ఈ రెండో కేసు వెనక ట్రీట్ మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ ఉంది, రోగులే సభ్యులుగా ఉన్న ఉద్యమం, తీర్పు కాగితం పట్టుకుని ఆస్పత్రి ఆస్పత్రికీ తిరిగి అడిగేవాళ్ళున్నారు. వాలస్ డీన్ వాళ్ళకి అంత బలగం లేదు, కోర్టు కూడా తీర్పు చెప్పాక ఆ కేసుని తన చేతిలో ఉంచుకోలేదు. బీదవాళ్ళు తీర్పు గెలిచి ఇంటికెళ్తే అక్కడితో అయిపోయిందనుకుంటాం గానీ అసలు పని అక్కడే మొదలవుతుంది.

హంగరీ సంగతి ఇంకో పాఠం. 1990 జనవరిలో అక్కడి రాజ్యాంగ కోర్టు మొదలైనప్పుడు ఎవరైనా, తనకి నష్టం జరిగినా జరక్కపోయినా, ఏ చట్టాన్నైనా ప్రశ్నిస్తూ అర్జీ పెట్టొచ్చు. ఇంత తక్కువ ఎత్తు గుమ్మం నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. లాస్లో షోయోమ్ అధ్యక్షుడుగా ఉన్న ఆ తొలి తొమ్మిదేళ్ళూ ఆ కోర్టు తూర్పు యూరప్ అంతటికీ ఆదర్శం. 2010లో మూడింట రెండొంతుల మెజారిటీతో వచ్చిన ప్రభుత్వం ఏం చేసింది? ముందు బడ్జెట్, పన్నుల చట్టాల జోలికి కోర్టు రాకుండా కోసేసింది, జడ్జీల సంఖ్య 11 నుంచి 15కి పెంచి తనవాళ్ళని వేసుకుంది, 2012 నుంచి ఎవరైనా అర్జీ పెట్టే ఆ హక్కుని తీసేసింది, 2013లో కొత్త రాజ్యాంగానికి ముందటి తీర్పులన్నిటికీ విలువ లేదని సవరణ చేసింది. గమనించండి, కోర్టు భవనం కూల్చలేదు, జడ్జీలని జైల్లో పెట్టలేదు. గుమ్మం ఎత్తు పెంచారు, అంతే. అధికారంలో ఉన్నవాళ్ళకి ఈ కిటుకు బాగా తెలుసు, హక్కుల పక్షాన ఉన్న మనమే తీర్పుల్లో అందమైన వాక్యాలు ఏరుకుంటూ దీన్ని పట్టించుకోం.

కొలంబియా దగ్గరకొస్తే (అది కొత్త ప్రజాస్వామ్యమేనా అని కొందరంటారు, నేను 1991 నాటి కొత్త రాజ్యాంగాన్ని బట్టి అంటున్నా) అక్కడ 93వ అధికరణం ప్రకారం మానవ హక్కుల ఒప్పందాలు దేశ చట్టం కన్నా పైన. కానీ నాకు నచ్చింది 86వ అధికరణం, తుతేలా అనే అర్జీ. హక్కు దెబ్బతింటే ఏ జడ్జి దగ్గరికైనా వెళ్ళొచ్చు, వకీలు అక్కర్లేదు, పది రోజుల్లో తేల్చాలి. రాయటం రానివాళ్ళు నోటితో చెప్పినా జడ్జి తీసుకోవాలి. మళ్ళీ చదవండి ఆ మాట, నోటితో చెప్పినా. సాయుధ ఘర్షణల్లో ఊళ్ళొదిలి పారిపోయిన కుటుంబాలు ఇలా పెట్టిన 108 అర్జీలని, 1150 కుటుంబాలవి, ఒకటిగా కలిపి రాజ్యాంగ కోర్టు 2004 జనవరిలో ఒక తీర్పిచ్చింది. నిర్వాసితుల మీద ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు తీసుకుని, ఇది ఒక్క అధికారి తప్పు కాదు, మొత్తం వ్యవస్థే రాజ్యాంగ విరుద్ధ స్థితిలో ఉందని ప్రకటించింది. ఆ తర్వాత కేసు మూసెయ్యలేదు. ఏళ్ళ తరబడి ఉత్తర్వు మీద ఉత్తర్వు, బహిరంగ విచారణలు, లెక్కలు చెప్పమని మంత్రిత్వ శాఖల్ని పిలవటం. నిర్వాసితుల కష్టాలన్నీ తీరాయని నేననటం లేదు. కానీ గ్రూట్ బూమ్ లో లేనిది ఇక్కడుంది.

నిర్వాసితులు అనే మాట వచ్చింది కాబట్టి మన దగ్గరికి వచ్చేద్దాం. మా పాత కొరాపుట్ జిల్లాలో మాచ్ ఖండ్, ఎగువ కొలాబ్ డ్యాములు, దమంజోడి, సునాబెడ ఫ్యాక్టరీలు, ఏ పేరు తీసుకున్నా దాని కింద ఊళ్ళున్నాయి. 2000 డిసెంబరులో మా జిల్లా కాశీపురం బ్లాకు మైకంచ్ లో బాక్సైటు ప్రాజెక్టుని వ్యతిరేకించిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. ఆ నేపథ్యంలో నియమగిరి తీర్పుని చూడాలి.

నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వి లాంజిగడ్ లో వేదాంత కంపెనీ రిఫైనరీకి ఇవ్వాలని ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ ప్లాను. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి ఇవ్వనంది, కార్పొరేషన్ సుప్రీంకోర్టుకెళ్ళింది. 2013 ఏప్రిల్ 18న తీర్పు వచ్చింది. ఆ తీర్పులో ఆదివాసుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 107వ కన్వెన్షను ఉంది (మన దేశం 1958లోనే ఒప్పుకుంది), 169వ కన్వెన్షను ప్రస్తావన ఉంది (మనం ఇప్పటికీ చేరలేదు), 2007 నాటి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన ఉంది. అన్నీ ఉన్నాయి. కానీ ఆ తీర్పు చరిత్రలో నిలబడింది వాటి వల్ల అని నేననుకోను. అక్కడి ఆదివాసులు డోంగ్రియా కొంధుల దేవుడు నియమరాజు ఉండే కొండని తవ్వితే వాళ్ళ మత హక్కు, అటవీ హక్కుల చట్టం కింద వాళ్ళ సామూహిక హక్కు దెబ్బతింటాయా లేదా, దాన్ని తేల్చాల్సింది మేం కాదు, గ్రామసభ అని కోర్టు చెప్పింది. ప్రతి సభకీ జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా వెళ్ళాలంది.

అదండీ. గుమ్మం ఎత్తు తగ్గించటం కాదు, గుమ్మమే కొండెక్కింది. 2013 జూలై 18న సెరకపాడితో మొదలెట్టి ఆగస్టు 19న జరపతో ముగిసింది, నడి వర్షాకాలం, బురద, పోలీసు బలగాలు, విలేకర్లు, మధ్యలో జడ్జి. మా రాయగడ జిల్లాలో ఏడు ఊళ్ళు, కలాహండిలో అయిదు. జనం లేచి తమ భాషలో తమ కొండ గురించి చెప్పారు, అది రిజిస్టరుకెక్కింది, వేలిముద్రలు పడ్డాయి. పన్నెండుకి పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ ప్రాజెక్టుకి చెల్లుచీటీ ఇచ్చింది, మళ్ళీ సభలు పెట్టించమని కార్పొరేషన్ వేసిన అర్జీని 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ కొండల్లో వందకి పైగా ఊళ్ళుంటే రాష్ట్ర ప్రభుత్వం పన్నెండే ఎంచుకుందని అప్పుడే గొడవైంది, అది న్యాయమైన గొడవే. అయినా వారం వారం చాటికొన సంతకి పసుపూ అనాసపళ్ళూ దించుకొచ్చే ఆ ఆడవాళ్ళు, మన తెలుగు వ్యాపారులు చెప్పిన రేటుకి తలూపి పోయే ఆ మనుషులు, ఆ వర్షాకాలంలో ఒక జిల్లా జడ్జి ఎదుట నిలబడి దేశంలో పెద్ద కంపెనీకి వద్దు అని చెప్పారు, ఆ వద్దు చెల్లింది. నా వృత్తి జీవితంలో ఇంతకన్నా గొప్ప సంగతి నేను చూళ్ళేదు.

ఇక్కడొక మాట. ఈ సరిహద్దులో కొండ ఒకటే, చట్టాలు రెండు. అవతల ఆంధ్రలో 1997లో సమత తీర్పు వచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఆదివాసీ ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకివ్వటం చెల్లదని. అది ఆంధ్రకే చెందిన భూ బదలాయింపు రెగ్యులేషన్ మీద వచ్చిన తీర్పు కాబట్టి ఇటువైపు వర్తించదు అనే వాదన ఇక్కడ ఎన్నోసార్లు విన్నాను. ఆదివాసీ హక్కు గీత దాటితే మారిపోతుందా? అంతర్జాతీయ సూత్రాల అవసరం నాకు ఇక్కడే కనిపిస్తుంది, రాష్ట్రం గీతకి అటూ ఇటూ ఒకటే కొలబద్ద ఉండాలి.

నియమగిరి గొప్పది కానీ అది ఒక్కటే. మిగతావాళ్ళ సంగతేంటో చెప్తా. ఒక ప్రాజెక్టులో భూమి పోయిన ఒక ముసలాయన, పరిహారం తేడా మీద హైకోర్టులో కేసుంది. ఆయన కాగితాలన్నీ ఒక ఎరువుల సంచి ముక్కలో చుట్టుకుని తెస్తాడు, పట్టా మడతల దగ్గర చిరిగిపోతే వెనక పాత క్యాలెండరు కాగితం అంటించాడు, ఎవరికీ చేతికివ్వడు, తనే పట్టుకుని చూపిస్తాడు. తన చెవులతో వింటానని పట్టుబడితే కటక్ తీసుకెళ్ళాను. రాత్రంతా రైలు, పొద్దున్నే కోర్టు, లిస్టులో మా నంబరు కింద ఎక్కడో ఉంది, సాయంత్రమైపోయింది, పిలవలేదు. తిరిగి స్టేషనుకొస్తుంటే అడిగాడు, "మన కేసు పిలవనేదేటి బాబూ?" అని. లేదు తాతా, ఇంకో తారీఖు ఇస్తారు అన్నాను. "నాను పలికీవోణ్ణి గదా, నాకాడ కాగితాలున్నాయి గదా" అన్నాడు. ఆయనకి అన్నిటికన్నా బాధగా అనిపించింది తను అక్కడే ఉండి కూడా ఎవరూ పేరు పెట్టి పిలవకపోవటం. ఆ మనిషి కోసం ఎన్ని ఒడంబడికలున్నాయో నేను వేళ్ళ మీద చెప్పగలను. వాటిల్లో ఒక్కటీ ఆ రోజు ఆయన పేరు పిలిపించలేకపోయింది.

2023లో ఒరిస్సా హైకోర్టు జిల్లాల్లో వర్చువల్ హైకోర్టులు పెట్టింది, జిల్లా కేంద్రంలో కూచునే వాదించొచ్చు, ఫైలు వెయ్యొచ్చు. నా దృష్టిలో మానవ హక్కుల వరకు ఇది ఏ పెద్ద తీర్పుకీ తీసిపోని పని. అలాగే 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలి, ఈ సంగతి మా సంతల్లో ఎంతమందికి తెలుసు?

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఇవన్నీ పరాయి భావాలు, మన మీద రుద్దుతున్నారు అనేవాళ్ళకి ఒక్కటే చెప్తా. 1948 సార్వజనీన ప్రకటన మొదటి అధికరణంలో మగవాళ్ళందరూ అనే అర్థం వచ్చే మాట తీయించి మనుషులందరూ అని పెట్టించింది మన హంసా మెహతా, మన రాజ్యాంగ సభ సభ్యురాలు. ఇది ఎవరో పంపిస్తే వచ్చింది కాదు, మనమూ వండిందే. ఎన్నిక కాని జడ్జీలు చట్టం చెయ్యటమేంటి అనే వాదన ఇంకా బలమైంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. 1997లో విశాఖ కేసులో (ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు) స్త్రీలపై వివక్ష నిర్మూలన ఒడంబడికని, మనం 1993లో ధ్రువీకరించిందాన్ని, పట్టుకుని సుప్రీంకోర్టు పని చోట లైంగిక వేధింపుల మీద తనే నియమాలు రాసేసింది. పార్లమెంటు పని కోర్టు చేసిందన్నారు. నిజమే. కానీ పార్లమెంటు చట్టం ఎప్పుడు చేసింది? 2013లో. ఆ 16 ఏళ్ళూ ఆడవాళ్ళు ఏం పట్టుకుని ఉద్యోగాలకి వెళ్ళాలి? ఖాళీగా ఉన్న చోట కోర్టు తాత్కాలికంగా నిలబడితే తప్పు లేదు, శాసనసభ వచ్చి తన చోటు తీసుకుంటే తప్పుకోవాలి, తప్పుకుంది కూడా. అయితే ఆ తీర్పు ఫిర్యాదు కమిటీని పని చోటే పెట్టమంది చూసారా, ఆవిడ మళ్ళీ కోర్టు దాకా రానక్కర్లేకుండా, ఆ ఆలోచన గొప్పది, నడవాల్సిన చోట్ల ఆ కమిటీలు నడవకపోవటం మీద పోట్లాడాలి గానీ తీర్పు మీద కాదు.

చివరిగా మన తెలుగువాళ్ళ సంగతి, ఇది నా సొంత బాధ. అదే పౌర రాజకీయ హక్కుల ఒడంబడిక 27వ అధికరణం అల్పసంఖ్యాకుల భాషని కాపాడుతుంది, మన రాజ్యాంగం 350-ఏ అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమంటుంది, 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీలు భాషా మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి తేల్చాలన్నారు, అంటే ఒడిశాలో మేం నిస్సందేహంగా మైనారిటీ. కాగితం మీద ఇంతకన్నా బలమైన కేసుండదు. అయినా మా వీధిలో పిల్లలకి తెలుగు చదవటం రాదు, బోర్డులు కూడబలుక్కుని చదువుతారు. మా ఊళ్ళో ఇన్ని తెలుగు సంఘాలున్నాయి, ఉగాదికి పంచాంగ శ్రవణం బ్రహ్మాండంగా చేస్తాం, ఈ విషయం మీద ఒక్క అర్జీ పెట్టినవాళ్ళు లేరు. కటక్ ఎవరు పోతారు, ఖర్చెవరు పెడతారు అంటారు. చదువుకున్నవాళ్ళకి, దుకాణాలున్నవాళ్ళకే గుమ్మం ఇంత ఎత్తుగా కనిపిస్తే ఎరువుల సంచిలో కాగితాలు మోసే ఆ తాతకి ఎలా కనిపిస్తుందో ఆలోచించండి.

అందుకని నేను అడిగేది పెద్ద పెద్దవి కావు. కొలంబియాలో లాగా నోటి అర్జీ. తాలూకా న్యాయ సేవల కమిటీలో ఒక గుమస్తా కూచుని, కువిలో చెప్తే కువిలో, తెలుగులో చెప్తే తెలుగులో విని రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, నంబరు వేసి హైకోర్టుకి పంపాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, 1980ల నుంచి సుప్రీంకోర్టే ఉత్తరాలని పిటిషన్లుగా తీసుకుంది. ఇక నిర్వాసితుల కేసుల్లో తీర్పు రాగానే ఫైలు మూసెయ్యకుండా, అమలు మీద లెక్క చెప్పే వాయిదాలు జిల్లాలోనే, వర్చువల్ హైకోర్టు హాల్లో, కక్షిదారు ఎదురుగా పెట్టాలి, పేరు పెట్టి పిలవాలి. ఈ రెండూ కోరుతూ తీర్మానం రాసి పెట్టాను, వచ్చే బార్ అసోసియేషన్ మీటింగులో పెడుతున్నా. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి సిద్ధంగా ఉన్నాయి, కువిలో రాయించటానికి మనిషి కోసం చూస్తున్నా, బిస్సంకటక్, మునిగుడ వైపు బాగా తెలిసినవాళ్ళెవరైనా ఉంటే నాకు కబురు చెయ్యండి.